అడవి ఈస్ట్‌లో కొత్త జాతి: పట్టుకోవడం, నిర్ధారించడం, పేరు పెట్టడం

చెట్టు బెరడు నుంచో, పూల మకరందం నుంచో తీసిన ఈస్ట్ సీక్వెన్స్ (డీఎన్ఏ అక్షరాల వరస) డేటాబేస్‌లో దేనితోనూ సరిపోకపోతే కొత్త జాతి దొరికిందన్న ఆశ కలగడం సహజం. చాలాసార్లు అసలు సంగతి వేరే ఉంటుంది. ప్లేటు మీద రెండు ఈస్ట్‌లు కలిసి పెరిగి ఉంటాయి, సీక్వెన్స్ చివర్లు చెడి ఉంటాయి, లేదా ఎప్పుడో వర్ణించిన జాతికే ఎవరో తప్పు పేరు పెట్టి రికార్డు ఎక్కించి ఉంటారు. ఇలాంటి మామూలు కారణాలన్నీ ఒక్కొక్కటిగా కొట్టేశాక మిగిలేదే కొత్త జాతి. పాత రోజుల్లో నెలల తరబడి చక్కెరల పరీక్షలు చేసి, చివర్లో డీఎన్ఏ చూసేవారు. ఇప్పుడు ఆ వరస తిరగేయడం మేలు. ముందు సీక్వెన్స్ చూడండి. అది దారి చూపిస్తేనే మిగతా శ్రమకు దిగండి.

నమూనా తీయడం

ఎక్కడ తీస్తున్నారన్నదాన్ని బట్టి ఏం దొరుకుతుందో సగం తేలిపోతుంది. పేడపురుగులు, పుట్టగొడుగులు తినే పురుగులు, చెక్క తొలిచే పురుగులు వంటి పెంకు పురుగుల పేగులు ఇంకా తరగని గని. 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో మూడేళ్లపాటు వీటి పేగుల నుంచి 650కి పైగా ఈస్ట్‌లు తీస్తే, కనీసం 200 జాతులు అప్పటికి ఎవరూ వర్ణించనివని తేలింది. పులియబెట్టే ఈస్ట్‌లు కావాలంటే బెరడు, చెట్ల మీది కణుతులు చూడాలి. లాగర్ బీరు ఈస్ట్‌కు తల్లిదండ్రుల్లో ఒకటైన శాకరోమైసెస్ యూబయానస్ 2011లో దక్షిణ అమెరికాలోని పటగోనియా అడవుల్లో, నోతోఫాగస్ చెట్ల పరిసరాల్లోనే బయటపడింది.

బెరడుకైతే శుద్ధి చేసిన బ్లేడుతో 1–2 గ్రాములు గీకి, 10 మి.లీ. ద్రవంలో వేసి మూత బిగించండి. ఈ ద్రవంలో లీటరుకు 6.7 గ్రా. ఈస్ట్ నైట్రోజన్ బేస్, 1% రాఫినోస్, 8% ఇథనాల్ ఉండాలి. మిగతా ద్రవాన్ని ఆటోక్లేవ్ (ఒత్తిడిలో ఆవిరితో శుద్ధి) చేశాకే ఇథనాల్ కలపాలి, లేకపోతే అది ఆవిరైపోతుంది. ఉష్ణోగ్రత కూడా ఈస్ట్‌లను ఎంచుతుంది. ఒకే బెరడు ముక్కను 30 డిగ్రీల దగ్గర ఉంచితే ఒక శాకరోమైసెస్ జాతి, 10 డిగ్రీల దగ్గర ఉంచితే మరొకటి పైకి రావచ్చు. అందుకని ప్రతి నమూనాకూ రెండు సీసాలు పెట్టండి. ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది: ఇథనాల్‌కు తట్టుకోలేని ఈస్ట్ ఏదీ బతకదు. కొత్త జాతులే లక్ష్యమైతే అదే నమూనాను పలచన చేసి నేరుగా ప్లేటు మీద కూడా పరచాలి.

మకరందాన్ని సన్నని కేశనాళికతో 1–5 మైక్రోలీటర్లు తీసి, 100 మైక్రోలీటర్ల శుద్ధ నీటిలో కలిపి వెంటనే పరచండి. పురుగును ముందు 70% ఇథనాల్‌తో పైపైన శుద్ధి చేసి, శుద్ధ నీటిలో రెండు మూడుసార్లు కడిగి, పేగు తీసి 0.85% ఉప్పు నీటిలో నలపాలి. చివరిసారి కడిగిన నీటిని వేరే ప్లేటు మీద తప్పక పరచండి. అందులోనూ కాలనీలు వస్తే మీరు చూస్తున్నది పేగు ఈస్ట్‌ను కాదు, పురుగు ఒంటి మీది ఈస్ట్‌ను. ఆకు మీది ఈస్ట్‌లకు ఇంకో సులువైన దారి ఉంది. ఆకు ముక్కను పెట్రీ ప్లేటు మూత లోపలివైపు వాజలీన్‌తో అంటించి, మూతను అగార్ (ఈస్ట్ పెరిగే జెల్లీ లాంటి మీడియం) పైన పెట్టండి. స్పోరోబోలోమైసెస్ లాంటివి బీజాలను విసురుతాయి. అవి కింద రాలి గులాబీ రంగు కాలనీలుగా మొలుస్తాయి.

అందరూ వాడే వైఎం అగార్‌కు లీటరు నీటికి ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 3 గ్రా., మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 3 గ్రా., పెప్టోన్ 5 గ్రా., గ్లూకోజ్ 10 గ్రా., అగార్ 20 గ్రా. కావాలి. బ్యాక్టీరియాను ఆపడానికి 100 మి.గ్రా. క్లోరాంఫెనికాల్ చాలు. అది వేడికి చెడదు కాబట్టి ఆటోక్లేవ్‌కు ముందే వేయవచ్చు. ఆమ్లంతో పీహెచ్‌ను 3.7కు దించడం ఇంకో దారి. అయితే ఆమ్లాన్ని ఆటోక్లేవ్ అయ్యాక, మీడియం 50 డిగ్రీల దగ్గరికి చల్లారినప్పుడే కలపాలి. ముందే కలిపితే వేడికి అగార్ విరిగిపోయి, ప్లేటు గట్టిపడకుండా జావలా మిగులుతుంది.

అసలు శత్రువు బూజు. రెండు రోజుల్లో ప్లేటంతా కప్పేస్తుంది. 0.25% సోడియం ప్రొపియొనేట్ గానీ, డైక్లోరాన్ రోజ్ బెంగాల్ మీడియం గానీ వాడండి. రోజ్ బెంగాల్ ప్లేట్లను మాత్రం చీకట్లో ఉంచాలి, వెలుతురు తగిలితే ఆ రంగే ఈస్ట్‌కు విషమవుతుంది. బూజు మరీ ఎక్కువైతే ద్రవంలో వేసి షేకర్ మీద ఊపండి. బూజు తంతువులు ఉండలు కట్టి బీజాలు వేయలేవు, ఈస్ట్ మాత్రం ద్రవమంతా తేలుతుంది. ఉండలను కిందికి దిగనిచ్చి పైద్రవం నుంచి స్ట్రీక్ చేయాలి (కొత్త ప్లేటు మీద గీతలుగా పూయాలి).

తేదీ, అక్షాంశ రేఖాంశాలు, చెట్టు లేదా పురుగు శాస్త్రీయ నామం, తీసినవారి పేరు అక్కడికక్కడే రాసుకోండి. రేపు హోలోటైప్ (కొత్త పేరుకు ఆధారంగా దాచే ఒకే ఒక నమూనా) వర్ణనలో ఇవన్నీ అడుగుతారు. 2014 అక్టోబర్ 12న అమల్లోకి వచ్చిన, జన్యు వనరుల వాడకం గురించిన అంతర్జాతీయ నగోయా ఒప్పందం వర్తించే దేశాల్లో సేకరణ అనుమతి పత్రాలు కూడా ముందే ఉండాలి. నమూనా తెచ్చేశాక అనుమతికి తిరగడం చాలా కష్టం.

ఒకే ఈస్ట్ అని తేల్చుకోవడం

విడిగా ఉన్న కాలనీ నుంచి కనీసం మూడుసార్లు స్ట్రీక్ చేయండి. ఒకసారితో సరిపెట్టిన కల్చర్లే తర్వాత అంతులేని తలనొప్పి తెస్తాయి, ముఖ్యంగా జిగురుపొర ఉన్న ఈస్ట్‌ల కింద ఇంకొకటి దాక్కుంటుంది. ప్రతిసారీ ఒక చుక్క మైక్రోస్కోపు కింద చూడండి. ఆరియోబాసిడియం పుల్యులాన్స్ మొదటి రోజుల్లో అచ్చం ఈస్ట్‌లా తెల్లగా, మెత్తగా ఉండి, తర్వాత నల్లబడి తన రంగు బయటపెడుతుంది. ప్రోటోథీకా అయితే శిలీంధ్రమే కాదు, రంగు కోల్పోయిన శైవలం. అది మొగ్గ తొడగదు, కణం లోపలే పిల్లకణాలు గుంపుగా ఏర్పడతాయి. ఈ ఒక్క తేడా గమనిస్తే చాలా పని ఆదా.

శుద్ధమైన కల్చర్ చేతికి రాగానే 20% గ్లిసరాల్‌లో −80 డిగ్రీల దగ్గర దాచండి. పదేపదే కొత్త ప్లేట్లకు మార్చుకుంటూ పోతే కొన్ని ఈస్ట్‌లు బీజాలు వేసే గుణమే పోగొట్టుకుంటాయి. వందల కాలనీలు చేతిలో ఉంటే అన్నిటినీ సీక్వెన్స్ చేయకండి. మాల్డీ-టాఫ్‌తోనో (ప్రొటీన్ల బరువులు పోల్చే యంత్రం), ఎం13 లేదా జీటీజీ-5 ప్రైమర్ల (డీఎన్ఏ కాపీని మొదలుపెట్టే చిన్న ముక్కల) వేలిముద్రలతోనో గుంపులు చేసి, గుంపుకొక ప్రతినిధిని పంపితే చాలు.

భద్రత సంగతి ఇక్కడే చెప్పాలి. 37 డిగ్రీల దగ్గర బాగా పెరిగే తెలియని ఈస్ట్‌ను, అది ఏమిటో తేలేదాకా రోగకారకంగానే చూడండి, బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే పని చేయండి. పక్షుల రెట్టల నుంచి తీసిన నమూనాల్లో క్రిప్టోకాకస్ రావచ్చు. కాండిడా ఆరిస్ 2009లో జపాన్‌లో ఒక రోగి చెవి కాలువ నుంచి తీసిన కల్చర్‌తోనే శాస్త్రానికి పరిచయమైంది.

డీఎన్ఏ ఏం చెబుతుంది

మొదట చూడాల్సినవి రెండు భాగాలు: పెద్ద రైబోసోమల్ ఆర్ఎన్ఏ జన్యువులోని డీ1/డీ2, దాని పక్కనే ఉండే ఐటీఎస్. డీ1/డీ2 దాదాపు 600 బేసులు (డీఎన్ఏ అక్షరాలు), దీనికి ఎన్ఎల్1, ఎన్ఎల్4 ప్రైమర్లు వాడతారు. ఐటీఎస్‌కు ఐటీఎస్1, ఐటీఎస్4. డీఎన్ఏ తీయడానికి చిటికెడు కాలనీని లిథియం అసిటేట్–ఎస్‌డీఎస్ ద్రావణంలో 70 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచి, ఇథనాల్‌తో అవక్షేపం చేస్తే చాలావాటికి సరిపోతుంది. గులాబీ రంగువి, జిగురుపొర ఉన్నవి అంత తేలికగా పగలవు. వాటిని 0.5 మి.మీ. గాజుపూసలతో నలగ్గొట్టాలి.

పీసీఆర్ (ఎంచుకున్న డీఎన్ఏ భాగానికి కాపీలు తీయడం) 25 మైక్రోలీటర్లలో: 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు, తర్వాత 94 డిగ్రీలు 30 సెకన్లు, 52–55 డిగ్రీలు 30 సెకన్లు, 72 డిగ్రీలు 1 నిమిషం చొప్పున 35 ఆవృత్తులు, చివర 72 డిగ్రీల దగ్గర 7 నిమిషాలు. డీఎన్ఏ కలపని ట్యూబు ఒకటి ప్రతిసారీ ఉండాలి. జెల్ మీద బ్యాండు రాకపోతే ప్రైమర్లను అనుమానించే ముందు డీఎన్ఏను పదింతలు, వందింతలు పలచన చేసి చూడండి. కణంలోని పాలిసాకరైడ్‌లు ఎంజైమ్‌ను అడ్డుకోవడమే ఎక్కువసార్లు కారణం. సీక్వెన్సింగ్ రెండు దిశల్లోనూ చేయించాలి.

వచ్చిన క్రోమాటోగ్రామ్‌ను (సీక్వెన్స్‌ను శిఖరాలుగా చూపే గ్రాఫ్) కళ్లతో చూడకుండా ముందుకు పోకండి. ఒకే చోట రెండు శిఖరాలు కనిపిస్తే మూడు సంగతుల్లో ఏదో ఒకటి. కల్చర్ మిశ్రమమై ఉండాలి, లేదా ఈస్ట్ సంకరమై ఉండాలి, లేదా ఒకే కణంలోని రైబోసోమల్ కాపీలు ఒకదానితో ఒకటి సరిపోకపోవాలి. సాధారణంగా ఈ కాపీలన్నీ ఒకేలా ఉంటాయి (శాకరోమైసెస్ సెరివిసియేలో ఇవి 100–200 దాకా ఉంటాయి), కానీ మెట్ష్నికోవియా పుల్చెరిమా బంధువర్గంలో ఈ సూత్రం పనిచేయదు, ఒకే స్ట్రెయిన్‌లో (ఒకే నమూనా నుంచి పెంచిన శుద్ధ వంశంలో) రకరకాల కాపీలు దొరుకుతాయి. అలాంటి గుంపులో డీ1/డీ2 తేడాను చూపి కొత్త జాతి అనడం ఇసుక మీద ఇల్లు కట్టడమే.

బ్లాస్ట్‌లో (సీక్వెన్స్‌ను డేటాబేస్‌తో పోల్చే సాధనం) వెతికేటప్పుడు టైప్ నమూనాల (జాతి పేరుకు ఆధారమైన నమూనాల) సీక్వెన్స్‌లకే పరిమితం చేసే సౌకర్యం ఉంది, ముందు అది వాడండి. అందరూ ఎక్కించిన రికార్డుల్లో తప్పు పేర్లు తక్కువేమీ కాదు. సరిపోలిక శాతం ఒక్కటే చూడకుండా, సీక్వెన్స్‌లో ఎంత భాగం పోల్చారో కూడా చూడండి. 99% పోలిక సగం పొడవుకే వస్తే దానికి విలువ లేదు. సీక్వెన్స్‌ను రెండు ముక్కలు చేసి విడివిడిగా వెతకండి. ఒక ముక్క ఒక ప్రజాతికి (జీనస్), రెండోది ఇంకో ప్రజాతికి పోతే అది పీసీఆర్‌లో అతుక్కున్న కృత్రిమ సీక్వెన్స్.

ఎంత తేడా ఉంటే కొత్త జాతి? దాదాపు 500 ఆస్కోమైసీట్ (సంచిలో బీజాలు వేసే శిలీంధ్రాల వర్గం) ఈస్ట్ జాతులను పోల్చిన 1998 నాటి అధ్యయనం ఒక కొలమానం ఇచ్చింది. డీ1/డీ2లో 3 బేసుల దాకా తేడా ఉంటే అదే జాతి, లేదా అతి దగ్గరి సోదర జాతి. 6 లేదా అంతకంటే ఎక్కువ చోట్ల, అంటే దాదాపు 1% తేడా ఉంటే వేరే జాతి అయ్యే అవకాశం ఎక్కువ. 2016లో వేల స్ట్రెయిన్ల మీద లెక్కగట్టిన హద్దులు డీ1/డీ2కు 99.51%, ఐటీఎస్‌కు 98.41%. ఈ అంకెలు తీర్పులు కావు, అనుమానం ఎంత బలమైందో చెప్పే గుర్తులు మాత్రమే. శాకరోమైసెస్‌లో వేర్వేరు జాతుల మధ్య కూడా డీ1/డీ2 తేడా చాలా తక్కువ. మరోవైపు క్లావిస్పోరా లుసిటానియేలో ఒకే జాతి లోపలే ఈ భాగం బాగా మారుతుంది. 4, 5 తేడాలు వచ్చినప్పుడు తొందరపడకండి, ఆ మధ్య ప్రాంతంలోనే అందరూ జారిపడతారు.

అందుకే తర్వాతి మెట్టు ప్రొటీన్ జన్యువులు: టీఈఎఫ్1, ఆర్‌పీబీ1, ఆర్‌పీబీ2, ఆక్టిన్. ఒక్కో జన్యువుకూ విడిగా వంశవృక్షం గీయండి. దగ్గరి జాతులన్నిటి టైప్ స్ట్రెయిన్లు, ఆ ప్రజాతి టైప్ జాతి, బయటి గుంపు నుంచి ఒకటి రెండు తప్పక ఉండాలి. మాఫ్ట్ ప్రోగ్రాంతో సీక్వెన్స్‌లను అమర్చి, ఐక్యూ-ట్రీ లేదా ర్యాక్స్‌ఎంఎల్‌తో చెట్టు కట్టి, కొమ్మలు ఎంత గట్టివో చూడడానికి 1000 బూట్‌స్ట్రాప్‌లు (డేటాను మళ్లీ మళ్లీ ఎంచి చేసే పరీక్ష) వేయండి. అన్ని జన్యువుల చెట్లూ మీ స్ట్రెయిన్లను ఒకే చోట విడిగా నిలబెడితే మాట బలపడుతుంది. ఒక జన్యువు ఒకరి పక్కన, ఇంకొకటి మరొకరి పక్కన కూర్చోబెడితే సంకరాన్ని అనుమానించండి. జన్యువులను కలిపి ఒకే చెట్టు కట్టడం ఈ పోలిక అయ్యాకే. ముందే కలిపితే తగాదా కనపడకుండా మాసిపోతుంది.

ఇక్కడొక చిన్న మెలిక. కాండిడా అల్బికాన్స్ బంధువుల్లో సీయూజీ కోడాన్‌కు (మూడక్షరాల జన్యు సంకేతం) ల్యూసిన్ బదులు సెరిన్ వస్తుంది. వాటి జన్యువులను ప్రొటీన్‌గా తర్జుమా చేసేటప్పుడు 12వ నంబరు కోడ్ పట్టిక ఎంచుకోకపోతే అమైనో ఆమ్లాల వరసలో లేని తేడాలు కనిపిస్తాయి.

స్తోమత ఉంటే మొత్తం జీనోమ్ చదివించండి. ఈస్ట్ జీనోమ్ చిన్నది, శాకరోమైసెస్ సెరివిసియేది 1.2 కోట్ల బేసులు. 100 రెట్లు చదివినా 120 కోట్ల బేసులే. దగ్గరి జాతి టైప్ స్ట్రెయిన్‌తో సగటు న్యూక్లియోటైడ్ పోలిక 95% కంటే బాగా తక్కువైతే వాదనకు పెద్ద అండ దొరికినట్టే.

కణం, బీజం, ఆహారం

సీక్వెన్స్ కొత్తదని తేలాక కూడా వర్ణన రాయాలి, దానికి కణాన్ని చూడక తప్పదు. మొగ్గ ఎటువైపు తొడుగుతోంది: అన్ని వైపులా, రెండు కొనల్లోనే, లేక షైజోశాకరోమైసెస్‌లా మొగ్గ లేకుండా మధ్యకు చీలుతోందా? నిమ్మకాయ ఆకారంలో రెండు కొనల మొగ్గలుంటే హన్సెనియాస్పోరా వైపు చూడండి. మొక్కజొన్న పిండి అగార్ మీద గీత గీసి, పైన కవర్‌స్లిప్ పెట్టి, 25 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచితే మిథ్యా తంతువులు (విడిపోకుండా గొలుసులా అతుక్కున్న కణాలు) ఉన్నాయో లేదో తేలుతుంది. కనీసం 20–30 కణాల పొడవు, వెడల్పు కొలవండి.

బీజాలే అసలు ఓపిక పరీక్ష. అసిటేట్ అగార్, 5% మాల్ట్ అగార్, పలచన చేసిన వీ8 అగార్, మొక్కజొన్న పిండి అగార్ — ఇన్నింటి మీదా 15, 25 డిగ్రీల దగ్గర పెట్టి, వారానికోసారి చొప్పున రెండు నెలలు చూడాలి. మలకైట్ గ్రీన్, సాఫ్రనిన్ రంగులు వేస్తే బీజాలు ఆకుపచ్చగా, మామూలు కణాలు ఎర్రగా కనిపిస్తాయి. బీజం ఆకారం చాలా చెబుతుంది. టోపీలా ఉండేవి, శనిగ్రహంలా వలయం ఉన్నవి, మెట్ష్నికోవియాలో సూదుల్లా ఉండేవి ఉంటాయి. కొవ్వు చుక్కలను చూసి బీజాలని పొరబడడం అందరూ చేసే తప్పు. ఒక్కో స్ట్రెయిన్ విడిగా బీజాలు వేయకపోతే రెండేసి స్ట్రెయిన్లను కలిపి చూడండి. సంగమానికి వేరే రకం జోడీ కావలసిన జాతులు చాలానే ఉన్నాయి. అప్పటికీ రాకపోతే లైంగిక దశ కనిపించలేదని రాస్తే సరిపోతుంది, అదేం లోపం కాదు.

రెండు పరీక్షలు గంటల్లో, రోజుల్లో పెద్ద దారి చూపిస్తాయి. డయజోనియం బ్లూ బీ రంగు వేస్తే కాలనీ ఎర్రగానో ఊదాగానో మారితే బాసిడియోమైసీట్ (పుట్టగొడుగుల వర్గం). యూరియా అగార్ గులాబీ రంగుకు మారితే కూడా అదే సూచన, షైజోశాకరోమైసెస్ మాత్రం ఆస్కోమైసీట్ అయినా యూరియాను విడగొడుతుంది.

చక్కెరలు పులియబెట్టే పరీక్షకు డర్హామ్ గొట్టాల్లో (వచ్చే వాయువును పట్టే చిన్న గొట్టం లోపల ఉండేవి) 2% చక్కెర (రాఫినోస్ అయితే 4%) వేసి 28 రోజులు చూడండి. గాలక్టోజ్‌కు అలవాటుపడడానికి కొన్ని ఈస్ట్‌లకు వారాలు పడుతుంది, వారానికే లేదని రాసేయకండి. ఏ కార్బన్ ఆహారంతో పెరుగుతుందో చూడడానికి ఈస్ట్ నైట్రోజన్ బేస్‌లో 0.5% చక్కెర కలిపిన 5 మి.లీ. గొట్టాలు వాడతారు. కణాలను ముందు ఒకటి రెండు రోజులు ఆకలితో ఉంచాలి, లేకపోతే వెంట తెచ్చుకున్న నిల్వలతోనే పెరిగి మోసం చేస్తాయి. గ్లూకోజ్ గొట్టం, చక్కెర ఏదీ లేని గొట్టం పక్కనే ఉండాలి. తెల్ల కార్డు మీద 0.75 మి.మీ. మందం నల్ల గీతలు గీసి గొట్టం వెనక పెట్టండి. గీతలు పూర్తిగా కనపడకపోతే 3 ప్లస్, మసకగా పట్టీల్లా కనిపిస్తే 2 ప్లస్, గీతలుగా తెలుస్తుంటే 1 ప్లస్. నైట్రేట్, లైసిన్ వంటి నత్రజని పరీక్షలకు ఈస్ట్ కార్బన్ బేస్ లీటరుకు 11.7 గ్రాములు, ఫలితాన్ని మొదటి గొట్టంలో కాదు, అందులోంచి మార్చిన రెండో గొట్టంలో చదవాలి. శాకరోమైసెస్ లైసిన్ ఒక్కదాన్నే నత్రజనిగా వాడుకోలేదు, కాబట్టి అదో మంచి వడపోత.

ఫలితాలు రాసుకున్నాక క్లూయివర్ సూత్రాలతో సరిచూడండి. గ్లూకోజ్‌ను పులియబెట్టని ఈస్ట్ ఇంకే చక్కెరనూ పులియబెట్టదు. పులియబెట్టే చక్కెరతో పెరగకుండానూ ఉండదు. మీ పట్టిక దీనికి ఎదురొస్తే కల్చర్ మిశ్రమమో, గొట్టాలు తారుమారయ్యాయో. మళ్లీ మొదలుపెట్టాలి.

చక్కెరల పట్టికలో ఒకటి రెండు తేడాలు చూపించి జాతిని వేరు చేయడం మాత్రం మానండి. గాలక్టోజ్ తినగలగడం ఒక్క జన్యువు చెడితే పోయే గుణం. అలాంటి తేడాల మీద నిలబెట్టిన పాత శాకరోమైసెస్ పేర్లు ఎన్నో తర్వాత పర్యాయపదాలుగా కలిసిపోయాయి.

ప్రజాతి, పేరు, టైప్

జాతి కొత్తదే, మరి ఏ ప్రజాతిలో పెట్టాలి? వంశవృక్షంలో ఏ ప్రజాతి టైప్ జాతితో కలిసి గట్టి కొమ్మగా నిలుస్తుందో అందులో. లైంగిక దశ కనిపించని ఈస్ట్‌లలో చాలావాటిని ఒకప్పుడు కాండిడాలో పడేసేవారు, అందుకే ఆ పేరు కింద ఏమాత్రం బంధుత్వం లేని జాతులు పోగుపడ్డాయి. 2011లో ఒక శిలీంధ్రానికి ఒకే పేరు అన్న నియమం వచ్చాక ఆ అవసరం పోయింది. లైంగిక దశ చూడకపోయినా మెట్ష్నికోవియా కొమ్మలో ఉంటే మెట్ష్నికోవియా అనే పేరు పెట్టొచ్చు. పై మెట్లలోనూ మార్పులు జరుగుతూనే ఉన్నాయి: 2023లో శాకరోమైకోటినాను 7 తరగతులు, 12 క్రమాలుగా విడదీశారు. పాత పుస్తకంలోని కుటుంబం పేరు అలాగే ఎత్తి రాయకండి.

పేరు చెల్లాలంటే శైవలాలు, శిలీంధ్రాలు, మొక్కల అంతర్జాతీయ నామకరణ నియమావళి పాటించాలి. వర్ణన గానీ, దగ్గరి జాతుల నుంచి వేరు చేసే చిన్న నిర్ధారణ గానీ లాటిన్‌లో లేదా ఇంగ్లీషులో ఉండాలి. 2013 నుంచి మైకోబ్యాంక్ వంటి గుర్తింపు పొందిన రిజిస్ట్రీ ఇచ్చే సంఖ్య తప్పనిసరి, అది ప్రచురణలోనే అచ్చవ్వాలి. హోలోటైప్ ఒకే ఒక సేకరణాలయంలో ఉందని పేరుతో చెప్పాలి. ఈస్ట్ పేర్లు ఎక్కువగా చెల్లకుండా పోయేది ఈ చోటే. బతికి పెరుగుతున్న కల్చర్ టైప్ కాలేదు. ఎండబెట్టినదో, గడ్డకట్టించి నిల్వ చేసినదో, మొత్తానికి జీవక్రియ ఆగిన స్థితిలో శాశ్వతంగా భద్రపరిచినదై ఉండాలి, ఆ మాట స్పష్టంగా రాయాలి. దాన్నుంచి పెంచే బతికిన కల్చర్లను ఎక్స్-టైప్ అంటారు. అవి నెదర్లాండ్స్‌లోని సీబీఎస్, అమెరికాలోని ఎన్ఆర్ఆర్ఎల్ వంటి రెండు వేర్వేరు సేకరణల్లో ఉండడం మంచిది.

జాతి నామం విశేషణమైతే ప్రజాతి పేరు లింగానికి సరిపోవాలి. దొరికిన చెట్టు, చోటు, గుణం చెప్పే పేరు ఎప్పటికైనా పనికొస్తుంది. తన పేరే పెట్టుకోకూడదని నియమావళి ఎక్కడా అనదు గానీ, తోటివాళ్లు నవ్వుకుంటారు.

ఒక్క స్ట్రెయిన్‌తోనూ జాతిని వర్ణించవచ్చు, అడ్డేమీ లేదు. అయితే ఆ జాతిలో ఏ గుణం మారుతుందో, ఏది మారదో అప్పుడు చెప్పలేరు. వేర్వేరు చెట్ల నుంచి, వేర్వేరు రోజుల్లో తీసిన మూడు నాలుగు స్ట్రెయిన్లు దొరికేదాకా ఆగగలిగితే ఆగండి. మొదటి నమూనా దొరికిన చోటికే, అదే కాలంలో మళ్లీ వెళితే దొరికే అవకాశం ఎక్కువ.

సేకరణాలయాలకు పంపిన కల్చర్ల ధ్రువీకరణకు వారాలు పడుతుంది, వ్యాసం పంపే ముందే ఆ పని మొదలుపెట్టండి. కల్చర్‌కు సేకరణ సంఖ్య వచ్చాక అక్కడి నుంచి ఒక గొట్టం తిరిగి తెప్పించుకుని డీ1/డీ2 మరోసారి చదివించండి. మీ ఫ్రీజర్‌లో ఉన్న దానితో ఒక్క బేసు కూడా తేడా రాకూడదు. వస్తే ప్రచురణ ఆపి, గొట్టాలు ఎక్కడ మారాయో వెతకాలి.